అరసవల్లి కిరణము, అరచేతి కెమెరా

శ్రీకాకుళము పట్టణమును ఆనుకొనియున్న అరసవల్లిలో సూర్యనారాయణస్వామి దేవాలయము కలదు. కళింగమునేలిన గాంగరాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దిలో దీనిని కట్టించెనని ప్రతీతి. సంవత్సరమునకు రెండు పర్యాయములు, మార్చి నెల రెండవ వారమునందును, అక్టోబరు నెల తొలి దినములందును, ఉదయించు సూర్యుని కిరణములు ద్వారముల గుండ నేరుగా గర్భాలయములోనికి వచ్చి స్వామి పాదములను తాకును. రెండుమార్లే ఏల యనగా, మార్చి విషువత్తుకు పదిదినముల ముందును, సెప్టెంబరు విషువత్తుకు పదిదినముల తరువాతను సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు దక్షిణముగా ఇంచుమించు ఒకే దూరమున, అనగా సుమారు నాలుగు డిగ్రీల దూరమున, ఉండును. కావున ఆ రెండు తరుణములలోను అతడు తూర్పుదిక్కున ఒకే చోట ఉదయించును. మబ్బు అడ్డురానిచో ఆ వెలుగు కొన్ని నిమిషములు నిలుచును.

ఈ దృశ్యమును టెలివిజనులో చూచినవారును, ఎవరో పంపగా ఫోనులో చూచినవారును మన శ్రోతలలో పెక్కుమంది యుందురు. స్వయముగా ఆ వేకువను అచట నిలిచి చూచినవారు ఆ చిత్రములను చూచి, "మేము చూచినది ఇది కాదు" అనుట కలదు. వారి మాట నిజము. కొన్ని చిత్రములలో కిరణము పడిన చోటు ఒక తెల్లని గుడ్డముక్కవలె కనబడును, పాదములు కనబడవు. మరికొన్నిటిలో పాదములు చక్కగా కనబడును గాని చుట్టునున్న సమస్తము కాటుక పూసినట్లుండును. ఆ కాటుకలో ఎరుపు, పచ్చ చుక్కలు చీమలవలె పాకుచుండును. గర్భాలయములో చిత్రము తీయుటకు అనుమతి యున్నదా లేదా అనునది దేవస్థానమువారు చెప్పవలసిన సంగతి. ఇక్కడ మనము లెక్క కొరకు మాత్రమే ఒక కెమెరాను అచట నిలుపుదము. స్వామి విగ్రహము నల్లరాతిది. నల్లరాయి తనపై పడిన వెలుతురులో కొద్దిభాగమునే తిరిగి పంపును. దానిపై ఒకవైపు ఎండ, మరియొకవైపు దీపపు వెలుగు. ఈ రెండు చోట్లకు వెలుతురులో వేయిరెట్ల తేడా యుండుట వింత కాదు.

వెలుతురు చాలనపుడు కెమెరాకు త్రోవలు రెండే. ఎక్కువసేపు చూచుట ఒకటి. చూచినదానిని పెంచుట రెండవది. భక్తుల త్రోపుడులో, వణకు చేతితో, ఎక్కువసేపు చూచుట సాధ్యము కాదు, చిత్రము చెదరిపోవును. ఫోను కెమెరాలో కనుపాపవంటి ద్వారము సాధారణముగా మార్పులేనిది గనుక దానిని పెద్దది చేయుటయు కుదరదు. కావున మిగిలినది పెంపు. ఇంజనీర్లు దీనిని గెయిన్ అందురు. ఈ పెంపు అనగా నేమి, అది ఎక్కడ జరుగును, దానిని ఎట్లు సవరింతురు అనునదే నేటి ప్రసంగ విషయము.

రేడియో ఇంట నున్నవారికి పెంపును గూర్చి క్రొత్తగా చెప్పనక్కరలేదు. విశాఖపట్టణ కేంద్రము 1963లో ప్రారంభమగుటకు పూర్వము, ఈ రెండు జిల్లాలవారు తెలుగు కార్యక్రమములకు దూరపు కేంద్రముల మీదనే ఆధారపడవలసి యుండెను. 1948లో వెలసిన విజయవాడ కేంద్రమును రాత్రివేళ పట్టుకొనిన అనుభవమును పెద్దలు నేటికిని చెప్పుదురు. పాట సన్నగిల్లును, చేయి మీట మీదికి పోవును, మీట త్రిప్పగనే పాటతో పాటు గరగర కూడ పెరుగును. వైశాఖమాసపు సాయంకాలము కొండలవైపు ఉరుము పుట్టినచో ఇక పాట పోయి చిటపటలే మిగులును. మీట పాటను వేరుగా, గరగరను వేరుగా ఎరుగదు. తన వద్దకు వచ్చినదానినెల్ల సమానముగా పెంచి పంపుటయే దాని పని. కెమెరాలోని పెంపునకును ఇదే గుణము కలదు. అయితే కెమెరాలో ఒక విశేషమున్నది: అచట గరగరలో కొంత భాగము వెలుతురులోనే పుట్టును.

ఫోనులోని కెమెరా సెన్సరు చిటికెనవ్రేలి గోరంతయు ఉండని సిలికాను పలక. దానిపై కోట్ల కొలది గదులుండును. ఒక్కొక్క గదిని పిక్సెలు అందురు. వెలుతురు ఆ గదిలో పడినపుడు ఎలక్ట్రానులు విడివడి అక్కడనే నిలువ యగును. ఎంత వెలుతురో అన్ని ఎలక్ట్రానులు. మన లెక్కకు, అరసవల్లిలో దీపపు నీడనున్న మూలకు సంబంధించిన గదిలో 9 ఎలక్ట్రానులు చేరినవనియు, కిరణము పడిన చోటికి సంబంధించిన గదిలో 9,000 చేరినవనియు అనుకొందము. ఈ సంఖ్యలు మేము ఉదాహరణకు వేసికొన్నవే గాని, ఫోను కెమెరాలలో ఇట్టి సంఖ్యలు సహజములే.

వాన మొదలగునపుడు పెరటిలో ఒకే కొలత గిన్నెలు వరుసగా పెట్టితిమనుకొనుడు. కొద్ది చినుకులే పడినపుడు ఒక గిన్నెలో ఆరు, ప్రక్కదానిలో పన్నెండు, ఆ ప్రక్కదానిలో తొమ్మిది పడును. ఎవరి దోషమును లేదు. చినుకు స్వభావమే అంత. వెలుతురు కూడ చినుకులుగానే పడును. సగటున 9 పడవలసిన చోట 3 అటునిటుగా ఉండును. 9,000 పడవలసిన చోట 95 అటునిటుగా ఉండును. సగటునకు వర్గమూలము ఎంతయో, ఆ హెచ్చుతగ్గు అంత. తొమ్మిదింట మూడు అనగా మూడవ వంతు అనిశ్చయము. తొమ్మిదివేలలో తొంబదియైదు అనగా నూటికొకటి మాత్రమే. చీకటిమూల చీమలు పాకినట్లు కనబడుటకు మొదటి కారణము ఇదియే. దీనిని 16 రెట్లు పెంచినచో 9 కాస్త 144 అగును, 3 కాస్త 48 అగును. మూడవ వంతు మూడవ వంతుగానే నిలుచును. పెంపు వెలుతురును పుట్టింపజాలదు.

అట్లయిన పెంచుట దేనికి అని శ్రోతలు అడుగవచ్చును. సమాధానము త్రోవలో నున్నది. గదిలో పుట్టిన సంకేతము అంకెగా మారుటకు ముందు కొన్ని వలయములను దాటవలెను. ప్రతి వలయమును తన గరగరను కొంత చేర్చును. కడకు కొలతను అంకెగా మార్చు వలయము 3 ఎలక్ట్రానులకు సమానమైన రొదను చేర్చుననుకొందము. సంకేతమును పెంచకుండ అంకెగా మార్చి, ఆ తరువాత అంకెను ఎనిమిదితో హెచ్చించినచో, వెలుతురులోని 3, వలయములోని 3 రెండును కలియును. ఇట్టివి కూడికగా కలియవు. రెండు వర్గములను కూడి వర్గమూలము తీయవలెను. అది 4.2 అగును. అట్లు గాక, అంకెగా మార్చుటకు ముందే 8 రెట్లు పెంచితిమా, వలయపు 3 మన సంకేతముతో పోల్చినపుడు 0.4 కంటె తక్కువయగును, మొత్తము 3.02 మాత్రమే. పెంపు రెండు పర్యాయములును ఎనిమిదే, చిత్రములు వేరు. ఫోనులో చిత్రమును తీసిన పిమ్మట ప్రకాశమును పెంచు మీటను జరుపుట మొదటి పద్ధతి. తీయునపుడే సెన్సరు పెంచుకొనుట రెండవది. ఎంత పెంచితిమను దానికంటె ఎక్కడ పెంచితిమనునది ముఖ్యము. ఎంత ముందుగా పెంచిన అంత మేలు.

అన్నిటికంటె ముందు చోటు ఏది? ఆ గదియే. ఒక గిద్దెడు నీటిని సన్నని వెదురుబొంగులో పోసినచో జానెడెత్తు లేచును. అదే నీటిని గంగాళములో పోసినచో అడుగు తడియును. నీరు మారలేదు, ఎత్తు మారినది. కొలుచువాడు చూచునది ఎత్తునే. పిక్సెలులోని ఎలక్ట్రానులను ఒక చిన్న కండెన్సరులోనికి వంపుదురు. దాని వోల్టేజియే ఆ నీటి ఎత్తు. కండెన్సరు ఎంత చిన్నదైన వోల్టేజి అంత ఎక్కువ. నేటి సెన్సరులలో ఆ కండెన్సరు సుమారు ఒక ఫెమ్టోఫెరడు ఉండును. పాత వాల్వు రేడియోలో స్టేషను మార్చుటకు త్రిప్పెడి గ్యాంగు కండెన్సరు సుమారు 500 పికోఫెరడులు. దానిలో ఐదు లక్షలవ వంతు ఇది. అంత చిన్న పాత్రలో ఒక్క ఎలక్ట్రాను పడినను వోల్టేజి 160 మైక్రోవోల్టులు మారును. మన 9 ఎలక్ట్రానులకు 1.44 మిల్లీవోల్టులు వచ్చును. ఇది కొలువదగిన సంగతియే.

ఈ వెదురుబొంగును ప్రతి గదిలోను పెట్టుట ఒక్కనాటి పని కాదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనువారు సి.సి.డి. అను సాధనమును కల్పించిరి. దానికి వారికి 2009లో నోబెల్ బహుమతి లభించెను. అందులో గదుల నుండి ఎలక్ట్రానులను చేతులు మార్చి నీళ్ళబిందెలనందించినట్లు ఒక గది నుండి మరియొక గదికి అందించుచు, కడకు ఒక్క ఆంప్లిఫయరు వద్దకు చేర్తురు. ఆంప్లిఫయరు ఒక్కటే గనుక పెంపు అందరికిని ఒక్కటే, పేచీ లేదు. కాని ఆ అందింపునకు విద్యుత్తు ఎక్కువ కావలెను, చుట్టును వేరు వలయములు కావలెను. 1990ల తొలినాళ్ళలో జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో ఎరిక్ ఫోసమ్ బృందమువారు ప్రతి పిక్సెలులోను ఒక చిన్న ఆంప్లిఫయరునుంచి, మామూలు కంప్యూటరు చిప్పుల పద్ధతిలోనే కెమెరాను సమస్తము ఒక్క పలకపై ఇమిడ్చిరి. వ్యోమనౌకల కొరకు బరువు తగ్గింపబోయిన ఆ పని మన జేబులోనికి కెమెరాను తెచ్చినది.

ఇమిడ్చుట అను మాట తేలికగా అంటిమి గాని, కష్టమంతయు అచటనే యున్నది. మొదటి కష్టము పాత్రను ఖాళీ చేయుట. ప్రతి చిత్రమునకు ముందు ఆ కండెన్సరును ఖాళీ చేయవలెను. సరిగా ఖాళీ కాదు. పదార్థములోని వేడిమి వలన కొన్ని ఎలక్ట్రానులు అటునిటు మిగిలిపోవును. ఒక ఫెమ్టోఫెరడు పాత్రలో సాధారణోష్ణోగ్రత వద్ద ఈ హెచ్చుతగ్గు సుమారు 13 ఎలక్ట్రానులు. మనము కొలువదలచినవి తొమ్మిది! దీనికి కిరాణాకొట్టువాని ఉపాయమే ఉపాయము. నూనె పోయుటకు ముందు ఖాళీడబ్బాను తూచి ధడా కట్టునట్లు, ఎలక్ట్రానులను వంపుటకు ముందు పాత్రను ఒకమారు కొలిచి, వంపిన తరువాత మరల కొలిచి, రెండవ కొలత నుండి మొదటిదానిని తీసివేయుదురు. మిగిలిపోయినవి రెండు కొలతలలోను ఉండును గనుక కొట్టివేయబడును. ఈ ధడా కట్టు పని ప్రతి చిత్రమునకు, ప్రతి గదికి జరుగుచున్నది.

రెండవ కష్టము ఇంకను పెద్దది. గదులు నిలువు వరుసలుగా ఉండును. ఒక్కొక్క వరుసకు అడుగున ఒక్కొక్క ఆంప్లిఫయరు ఉండును. పెంపును సవరించు ముఖ్యస్థానము ఇదియే. ఫోను సెన్సరులో ఒక్క గది వెడల్పు సుమారు ఒక మైక్రోను. మన వెండ్రుక వెడల్పులో అట్టివి అరువది, డెబ్బది పట్టును. ఆంప్లిఫయరు ఆ సందులోనే ఇమడవలెను. కొన్నిటిని పైవైపునను, కొన్నిటిని క్రిందివైపునను పెట్టి కొంత చోటు సంపాదింతురు. అయినను అది అగ్రహారపు వీధిలోని ఇంటిస్థలమువంటిదే. వీధివైపు రెండు గజములు, వెనుకకు ఎంతదూరమైనను పోవచ్చును.

అందులో పెంపును ఎట్లు సవరింతురు? రేడియోలోవలె త్రిప్పుడు మీట లేదు. రెండు కండెన్సరులుండును, వాటి నిష్పత్తియే పెంపు. ముందున్నది వెనుకదానికి నాలుగు రెట్లయినచో పెంపు 4, ఎనిమిది రెట్లయినచో 8. చిన్న చిన్న కండెన్సరులను మీటలతో కలుపుచు, విడదీయుచు ఈ నిష్పత్తిని మార్తురు. కెమెరా తెరపై ఐ.ఎస్.ఓ. 100, 200, 400 అని రెట్టింపగుచు పోవు అంకెలను శ్రోతలు చూచియుందురు. వాటి వెనుక జరుగు పనిలో ముఖ్యభాగమిది. సిలికానుపై కండెన్సరును ఖచ్చితముగా ఇంత అని చేయుట కష్టము గాని, రెండింటి నడుమ నిష్పత్తిని ఖచ్చితముగా నిలుపుట సులభము. అందుచేతనే నిష్పత్తిని ఆశ్రయించిరి.

అయినను పూర్తిగా సమానము కావు. విజయనగరములో ఒక పొడుగాటి వీధిని తలచుకొనుడు. వీధిలో నాలుగువేల ఇండ్లు, ఇంటింట ఒక రేడియో, అన్నిట ఒకే వార్తలు. నడచిపోవువానికి ఒక ఇంట కొద్ది హెచ్చుగాను, ప్రక్కయింట కొద్ది తగ్గుగాను వినబడినచో వెంటనే తెలిసిపోవును. ఒంటరిగా ఒక ఇంట కూర్చున్నవానికి ఆ తేడా ఎన్నటికిని తెలియదు. సెన్సరులో నిలువు వరుస కొక ఆంప్లిఫయరు గనుక, ఒకదాని పెంపు నూటికి ఒకవంతు తేడా పడినను, తేటయైన ఆకాశము మీద సన్నని నిలువుచార కనబడును. చెదురుమదురు చుక్కలను కన్ను క్షమించును, తిన్నని గీతను క్షమింపదు. కండెన్సరు పెద్దదైనచో తేడా తగ్గును, కాని చోటేది? చోటు కొరకు చిన్నది చేసితిమా, తేడా పెరుగును, వేడిమి వలని రొదయు పెరుగును. కెమెరా పలుచగా ఉండవలెనని మనము కోరినపుడెల్ల ఆ సన్నని సందులో ఎవరో ఒక ఇంజనీరు ఈ బేరమాడుచున్నాడు. మిగిలిన చారలను, సెన్సరు తనయందే కప్పివేసిన కొన్ని గదులను చూచి, చీకటి కొలత యింత అని తెలిసికొని, లెక్కలో తీసివేయుట వాడుక.

అంకెగా మార్చు వలయములో కూడ పెంపును సవరించు మార్గమొకటి కలదు. అచట ఏటవాలుగా ఎక్కుచున్న ఒక వోల్టేజితో సంకేతమును పోల్చి, అది సంకేతమును అందుకొనులోపల ఎన్ని గడియలు పడినవో లెక్కింతురు. ఏటవాలు తగ్గించినచో అదే సంకేతమునకు ఎక్కువ లెక్క వచ్చును; అదియే పెంపు. ఇది చోటును అడుగదు, కాలమును అడుగును.

ఇప్పుడు మరల అరసవల్లికి పోవుదము. వెదురుబొంగు చీకటిమూలకు చక్కగా సరిపోయినది. మరి కిరణము సంగతి ఏమి? 9,000 ఎలక్ట్రానులను ఆ ఒక ఫెమ్టోఫెరడు పాత్రలో పోసినచో 1.44 వోల్టులు కావలెను. ఆ వలయమునకు ఉన్న చోటు సుమారు ఒక వోల్టు. పాత్ర పొర్లును. పొర్లినదానికి కొలత లేదు గనుక తెల్లని గుడ్డముక్క మిగులును. సరే, గంగాళమును తెత్తము. ఐదు ఫెమ్టోఫెరడుల పాత్రలో ఎలక్ట్రానుకు 32 మైక్రోవోల్టులు, 9,000కు 0.288 వోల్టులు. కిరణమును, అది పడిన పాదముల చెక్కడమును హాయిగా కొలువవచ్చును. కాని అదే గంగాళములో చీకటిమూల 9 ఎలక్ట్రానులకు 0.288 మిల్లీవోల్టు మాత్రమే. అంకెగా మార్చు వలయపు రొద, మనము అనుకొన్న లెక్క ప్రకారము, 0.48 మిల్లీవోల్టు. మూల మునిగిపోయినది. ఏ ఒక్క పెంపును ఈ రెంటికి చాలదు. కెమెరా చూపలేకపోయినది ఇందుకే. తీసినవాని చేతివాటము తక్కువై కాదు.

ఇటీవలి సెన్సరులలో దీనికి కనుగొన్న ఉపాయము వినుటకు సులభము. పాత్రలు రెండును ఒకే గదిలో పెట్టి, నడుమ ఒక మీటనుంతురు. ఎలక్ట్రానులను మొదట చిన్నపాత్రలోనికి వంపి కొలుతురు. పిదప మీట తెరచి, చిన్నదానిని పెద్దదానితో కలిపి, మరల కొలుతురు. ఒకే చిత్రము, ఒకే క్షణము, రెండు కొలతలు. చీకటి గదులకు మొదటి కొలతను, వెలుగు గదులకు రెండవదానిని తీసికొని చిత్రమును కూర్తురు. రెండు వేర్వేరు క్షణములలో తీసిన చిత్రములను అతికినచో కదలిన చేయి రెండుగా కనబడును. ఇందులో ఆ బాధ లేదు.

కూర్పులో ఒక మెలకువ కావలెను. రెండు పాత్రల నిష్పత్తి ఐదు అనుకొంటిమి. నిజముగా అది 4.9 అయినచో? వెలుగు నుండి నీడకు జారు అంచున, ఒక కొలత విడిచి మరియొక కొలతను అందుకొను చోట, లేని గీత ఒకటి పుట్టును. కిరణపు అంచు మెత్తగా, క్రమముగా నీడలో కలియునది గదా. అక్కడ గీత పడినచో అది రాతిలోని పగులని చూచువాడు భ్రమపడవచ్చును. కావున ఈ నిష్పత్తిని ముందుగా కొలిచి, లెక్కలో సరిచూచుకొనవలెను. నిష్పత్తి సరిగా నున్నను, మార్పు జరుగు చోట రొద కొద్దిగా హెచ్చగును. శ్రద్ధగా చూచినవారికి అది కనబడును. అంతకు మించి చేయగలిగినది లేదు.

ఇంతవరకు పెంపును ఎవరు నిర్ణయింతురో చెప్పలేదు. ఫోనులో సాధారణముగా కెమెరాయే నిర్ణయించును. ఈ స్వయంనియంత్రణ కూడ రేడియో నుండి వచ్చిన సంగతియే. 1925లో హెరల్డ్ వీలర్ అను అమెరికా ఇంజనీరు, కేంద్రము దగ్గరిదైనను దూరపుదైనను ధ్వని ఇంచుమించు సమానముగా నుండునట్లు, వచ్చిన సంకేతపు బలమును చూచి రేడియో తన పెంపును తానే తగ్గించుకొను వలయమును కల్పించెను. ఆ వలయము బలమును చూచును గాని పాటను వినదు. కెమెరా కూడ అంతే.

విజయనగరములో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము విజయదశమి తరువాత వచ్చు మంగళవారమున జరుగును. పొడవైన చింతమాను కొన మీద పూజారి కూర్చుండగా, మూడు లాంతర్ల వద్ద గుడి నుండి కోట వరకు మూడుమార్లు మాను తిరుగును. జనులెల్లరు ఫోనులెత్తి పట్టుదురు. మాను కొన ఎత్తున నుండును. దాని వెనుక మధ్యాహ్నము తరువాతి ఆకాశము తెల్లగా మెరయును. కెమెరా ఆకాశమును చూచి, వెలుతురు మెండుగా నున్నదని తలచి, పెంపును తగ్గించుకొనును, చూచు కాలమును కూడ కురుచ చేసికొనును. ఫలితముగా ఆకాశము చక్కగా వచ్చును. పూజారి నల్లబొమ్మ యగును. చిత్రము ఎవరి కొరకు తీసితిమో వారే కనబడరు. తెర మీద పూజారి యున్నచోట వ్రేలితో తాకినచో చాలమట్టుకు కెమెరాలు ఆ చోటును చూచి పెంపును సవరించుకొనును. అపుడు ఆకాశము తెల్లబడిపోవును. పోనిండు, ఆకాశము మరునాడును ఉండును.

ఉత్సవ చిత్రము చెడినచో మనస్సు నొచ్చును, అంతే. అంతకంటె బరువైన పనిలో ఇదే వలయము ఇపుడు వినియోగపడుచున్నది. మధుమేహము చిరకాలముగా నున్నవారికి కంటి వెనుకపొర యందలి సన్నని రక్తనాళములు చిన్న బుడగలుగా ఉబ్బును. అవి ఎర్రని చుక్కలు. అడ్డముకొలత సాధారణముగా 125 మైక్రోనులకు లోపల. ఆ దశలో రోగికి చూపు చక్కగనే యుండును, బాధ యుండదు. వైద్యుడు కంటి లోపలి చిత్రమును చూచిననే తెలియును. పెద్ద యంత్రము పెద్ద ఆసుపత్రిలో నుండును. సీతంపేటవైపు కొండయూళ్ళ నుండి వృద్ధులు దానివద్దకు వచ్చుట కంటె, చేతిలో పట్టు చిన్న కెమెరా వారివద్దకు పోవుట సులభము. అందులో నున్నది ఫోనులోనున్న జాతి సెన్సరే.

కంటిలోనికి ఇష్టము వచ్చినంత వెలుతురును పంపరాదు. కనుపాప ముడుచుకొనును; అంతకు మించినచో కంటికే హాని. శుక్లము కొద్దిగా నున్న కన్నయినచో లోనికి పోయినదానిలోను, తిరిగి వచ్చినదానిలోను కొంత మసకలో పోవును. తిరిగి వచ్చు వెలుతురు చాల తక్కువ. కెమెరా పెంపును హెచ్చించుకొనును. అపుడు మనము పైన చెప్పిన చుక్కలు చిత్రములో పుట్టును. రొద పుట్టించిన చుక్క యేది, రోగపు చుక్క యేది? రోగపు చుక్క రెండవ చిత్రములోను అక్కడనే యుండును. రొద చుక్క చోటు మార్చును. కావున ఒకే కంటికి రెండు, మూడు చిత్రములు తీసి పోల్చి చూచుట మేలు.

దీనికి విరుద్ధమైన ప్రమాదము మరియొకటి కలదు. మా దృష్టిలో ఇదియే పెద్దది. ఫోను కెమెరాలు రొదను కనబడనీయక, చిత్రమును నునుపు చేసి చూపుట మరిగినవి. పెండ్లి చిత్రములో పెండ్లికూతురి చెంప నునుపైనచో ఎవరును వ్యాజ్యమాడరు. కంటి చిత్రములో అదే లెక్క చిన్న ఎర్రచుక్కను రొద యని భావించి తుడిచివేయవచ్చును. చుక్కలతో నిండిన చిత్రమును చూచిన వైద్యుడు, "ఇది చాలదు, మరల తీయుడు" అనును. నునుపైన చిత్రము ఆ అనుమానమును కలుగనీయదు. అందుచేత వైద్యమునకై చేసిన కెమెరాలో సెన్సరు ఇచ్చిన కొలతను తుడువక అట్లే దాచియుంచు ఏర్పాటుండవలెను. కంటి శిబిరమునకు పోయినవారు తమ చిత్రము గరుకుగా నున్నదని కెమెరా పట్టినవారిని నిందింపనక్కరలేదు. కనుపాప తెరచుటకు మందు వేసి, కొంతసేపు చీకటిలో కూర్చుండుమని వారు చెప్పినచో విసుగు చెందక కూర్చుండవలెను. ఆ అరగంటలో కన్ను తెరచుకొని లోనికి పోనిచ్చు వెలుతురు, ఏ పెంపును ఈయజాలనిది.